చింతపండుతో తోమిన తుపాకి

మా మామ దూలయ్య వదిలిపోయిన తుపాకి అసలుదో నకిలీదో తేల్చడానికి హైదరాబాదు నుంచి వెంకటకృష్ణ అనే ఆయన ములకలపల్లి దగ్గర మా తండాకు వచ్చింది రెండువేల ఆరు ఎండాకాలంలో. పాల్వంచలో నౌకరీ చేసే మా కొడుకు బాబూరావే వెంటబెట్టుకొచ్చాడు. అసలుదని ఆయన రాసిస్తే మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడతారట, పక్కన మామ పేరు రాస్తారట. మా ఆయన తుల్సీరాం పొద్దున్నే తెల్లపంచె కట్టి, తండా అంతా చెప్పొచ్చాడు.

నిజాం కాలంలో ఒక గుర్రపు సిపాయిని మామ కిన్నెరసాని వరదలోంచి ఒడ్డుకు లాగాడు. ప్రాణం దక్కిన సంతోషంలో సిపాయి ఇచ్చిపోయిన తుపాకి అది. గుర్రం మీద పట్టుకోవడానికి వీలుగా పొట్టిగా ఉంటుంది, కార్బైన్ అంటారట. నేను కాపురానికి వచ్చేనాటికే అది పేలడం మానేసింది. పోలీస్ స్టేషన్‌లో రాయించిన కాగితం కూడా ఉంది.

వెంకటకృష్ణ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"పటాలం తుపాకి అయితే ఈ పక్క రేకు మీద కిరీటం గుర్తు, అంకెలు ఉండాలి తాతగారూ. ఇదేమో నున్నగా ఉంది. కమ్మరులు ఇలాంటి నకళ్లు చాలా చేశారు."

పక్కింటి కిషన్‌లాల్ పకపకా నవ్వాడు. "ఏంది తుల్సీరాం, మీ బాపు సిపాయిని లాగిండా, సంతల కొనుక్కొచ్చిండా?"

మా ఆయన తల వంచుకున్నాడు. "కిరీటం ఉండెనని నాకు యాది సారూ. నా పెండ్లాం చాంది లేదన్నది. నేనే కలగన్న గావొచ్చు."

అది కల కాదు. దసరాకు కొడవళ్లతో పాటు తుపాకికీ పూజ చేస్తాం. మామ దాన్ని నూనె గుడ్డతో తుడిచేవాడు. ఆయన పోయాక ఆ పని నాకొచ్చింది. నల్లగా ఉందని సిగ్గుపడి, ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండు, ఇటుకపొడి వేసి తోమాను. ముప్పై దసరాలు! ఏటేటా కిరీటం అరగడం చూస్తూనే ఉన్నాను. "కిరీటం ఏదే?" అని మా ఆయన ఒక ఏడు అడిగితే, "ఎప్పుడుండె? అది తుప్పు మరక" అన్నాను. తిడతాడని భయం. పిచ్చి మనిషి, తన కళ్లను కాదని నన్ను నమ్మాడు. ఇప్పుడు నా మూలాన చచ్చిపోయిన మామ అబద్ధాలకోరు అవుతున్నాడు.

"ఉండె సారూ! నేనే తోమి తోమి పోగొట్టిన" అన్నాను.

వెంకటకృష్ణ మరలు విప్పి, గొట్టాన్ని కట్టెలోంచి తీసి తిరగేశాడు. అడుగున చిన్న కిరీటం, అంకెలు!

"మీ చేయి ఇక్కడికి రాలేదమ్మా. అసలుదే ఇది. కాకపోతే పైగుర్తులు పోయాయి కదా, అద్దాల పెట్టెలో పెట్టరు. లోపలి గదిలో దాస్తారు. గుర్తులు ఎలా పోయాయో కూడా రాయాలి."

"వానకు పోయినయని రాయి సారూ" అన్నాడు మా ఆయన, చప్పున.

"వద్దు. చాంది తోమిందని రాయుండ్రి" అన్నాను నేను.

వెంకటకృష్ణ అలాగే రాసి, చదివి వినిపించాడు. తుల్సీరాం ఆ నున్నటి రేకు మీద బొటనవేలు పెట్టి రుద్దుతూనే ఉన్నాడు.

"తోమితే తోమినవ్ తియ్" అన్నాడు, నా వైపు చూడకుండా. "నా కండ్లనెందుకే తప్పుపట్టినవ్ ఇన్నేండ్లు?"