ముసలమ్మ గడప దాటింది

టీవీలో వంటల పోటీ చూసేవాళ్ళందరూ వంట చేయరు. బీరు పోటీ చూసేవాళ్ళు మాత్రం చాలామంది ఇంట్లో బీరు కాచేవాళ్ళే, అందుకే చూస్తున్నంతసేపూ కడుపుమంట. "బంగారు గ్లాసు" అనే ఆ కార్యక్రమం బుధవారం వస్తుంది. మాలో ఇద్దరికి బుధవారం డ్యూటీ కాబట్టి క్లెమ్ దాన్ని రికార్డు చేసి ఉంచుతాడు. శనివారం మధ్యాహ్నం అతని గరాజ్‌లో నలుగురం కూర్చుని చూస్తాం. చూడటమంటే ఏముంది, తిట్టుకోవడమే.

క్లెమ్ మాలో పెద్దవాడు. చమురు కర్మాగారంలో పైపులు అతికించి అతికించి రిటైరయ్యాడు. రేలీన్ బడి బస్సు నడుపుతుంది. వెస్ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతాడు. నా పేరు నెవిల్. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సగం జీవితం గడిపి, పోయిన చలికాలం నుంచి ఇంట్లో ఉంటున్నాను. "ఇంట్లో ఉంటున్నాను" అన్నది మర్యాదకి అనే మాట. పొమ్మన్నారు.

ఆ శనివారం ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు వేడిగాలి కొడుతోంది. మా పేట నార్లేన్ వీధులన్నీ పొయ్యి ముందు నిలబడ్డట్టున్నాయి. గరాజ్ తలుపు సగం దించి, ఫ్యాను పెట్టుకుని, చల్లటి గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం.

"గిన్నెలు తోమడం ఒక్కసారన్నా చూపించాడా చూడు," అంది రేలీన్. "బీరు కాయడమంటే సగం తోముడేగా. వీళ్ళకి వెనకాల తోమిపెట్టేవాళ్ళు ఉంటారు, కావాలంటే రాసిస్తా."

"తోమడమేంటి, బీరు కూడా వాళ్ళే కాసుంటారు," అన్నాడు వెస్. "వీడు వచ్చి గరిటె పట్టుకుని ఫొటోకి నిలబడతాడంతే."

"ఆ నీళ్ళు చూడండ్రా, ఆ నీళ్ళు!" క్లెమ్ కుర్చీలో ముందుకి జరిగాడు. "గిన్నె చల్లార్చడానికి కుళాయి తిప్పి వదిలేశాడు. ఎవడబ్బ సొమ్మని?"

మేమెవరమూ అలా చల్లార్చం. మరిగిన బార్లీ రసాన్ని పొగలు కక్కుతుండగానే ప్లాస్టిక్ డబ్బాలో నింపి, డబ్బా నొక్కి గాలి తీసేసి, మూత బిగించి తెల్లారేదాకా వదిలేస్తాం. కరువు రోజుల్లో, తోటకి నీళ్ళు పోస్తే పక్కింటివాడు నీళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పే కాలంలో, అలవాటైన పద్ధతి. టీవీ వాళ్ళకి అది మోటుగా కనిపిస్తుంది కాబోలు.

ప్రకటనలు రాగానే మాట ఉద్యోగాల మీదికి మళ్ళింది. "నా మొహానికెదురుగా కెమెరా పెట్టారు," అంది రేలీన్. "ఆవలిస్తే చాలు, కుయ్యిమంటుంది. మొన్న వెనక సీట్లో పిల్లాడు వాంతి చేసుకుంటే దానికి కనపళ్ళేదు. నేను ముక్కు గోక్కుంటే మాత్రం ఆఫీసునించి ఫోనొచ్చింది."

"నయం. మా దగ్గర బాత్రూముకెళ్తే కార్డు గీకాలి," అన్నాడు వెస్. "ఎంతసేపున్నానో పైవాడికి తెలిసిపోద్ది."

"నువ్వు లోపల కూర్చుని గుర్రప్పందేలు చూస్తావని కూడా తెలుసా?" అన్నాను.

"నీకేంరా, బాసు లేడు, గోల లేదు. మహారాజువి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వెస్ ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, కానీ మింగేస్తాను. వారమంతా నేను మాట్లాడేది కుక్కతో, దుకాణంలో బిల్లు కొట్టే పిల్లతో. శనివారం వస్తే ఈ గరాజ్‌లో నాకంటూ ఒక కుర్చీ ఉంది. అది కూడా పోతే నేను బతికున్నట్టు లెక్కలోకి రాను.

ప్రకటనలయ్యాయి. ఆ వారం మా ఊరు జీలాంగ్ వైపు పోటీదారుల వంతు. తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకుని ఒకడు వచ్చి నిలబడ్డాడు. గ్లాసు దించి మళ్ళీ చూశాను. ట్రిస్టన్. మా ఫ్యాక్టరీ మేనేజరు. నన్ను గదిలోకి పిలిచి, చేతిలో మంచినీళ్ళ సీసా పెట్టి, ఇక నీ అవసరం లేదన్న మాటని ఎంతో తియ్యగా చెప్పినవాడు. వీడెప్పుడు బీరు కాయడం మొదలెట్టాడు? మావాళ్ళకి చెబుదామని నోరు తెరిచాను. చెబితే వెస్ ఏదో ఒకటి అంటాడు, అందరూ మళ్ళీ నవ్వుతారు. ఎందుకొచ్చిందిలే అని ఊరుకున్నాను. అదే కొంప ముంచింది.

న్యాయనిర్ణేత ట్రిస్టన్ బీరు గ్లాసు ఎత్తి, ముక్కు లోపల పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. "ముగ్గిన బేరిపండు. చివర్లో మిరియం ఘాటు. ఇది దుకాణంలో దొరికే ఏ ఈస్టూ కాదు. ఎక్కడ పట్టావయ్యా దీన్ని?"

క్లెమ్ టీవీని ఆపేశాడు. తెరమీద గ్లాసులో ముక్కు పెట్టిన ఆ మనిషి, పక్కన నోరు తెరవబోతున్న ట్రిస్టన్, అలాగే బిగుసుకుపోయారు.

బేరిపండు, ఆపైన మిరియం. అది మా ముసలమ్మ. బీరుని పులియబెట్టే మా ఈస్టుకి మేం పెట్టుకున్న పేరది. ఎప్పుడో క్లెమ్ తన పెరట్లోని ప్లమ్ పళ్ళ తొక్క మీంచి పట్టి పెంచిన ఈస్టు. పెరుగుకి తోడు దాచినట్టు, బీరు పులిశాక అడుగున మిగిలినదాన్ని కడిగి, జాడీలో పోసి, తర్వాత కాచేవాళ్ళ చేతికిస్తాం. నలుగురి ఇళ్ళ మధ్యే తిరగాలి, బయటివాళ్ళ గడప తొక్కకూడదు. గరాజ్‌లో ఉన్న కట్టుబాటు అదొక్కటే.

"బేరిపండు వాసన చాలావాటికి వస్తుంది," అంది రేలీన్, తనకే నమ్మకం లేనట్టు.

"బేరి వస్తుంది. మిరియం వస్తుంది. రెండూ ఇలా ఒకదాని వెనక ఒకటి రావు," అన్నాడు క్లెమ్. "ఎవరో ఇచ్చారు."

నేను వెస్ వైపు చూశాను. వాళ్ళ వదిన బీరు సామాన్ల దుకాణంలో పనిచేస్తుంది, వీడికి నోరాగదు. రేలీనూ వాడివైపే చూసింది. వెస్ మాత్రం తెర దగ్గరికి వెళ్ళి, ట్రిస్టన్ పేరు కింద ఉన్న చిన్న అక్షరాలు చదివాడు.

"అట్టపెట్టెల ఫ్యాక్టరీ మేనేజరట," అన్నాడు. వెనక్కి తిరిగాడు. "ఒరేయ్ నెవిల్. వీడు మీవాడేగా?"

"అవును."

"ఇందాకట్నించీ చూస్తున్నావు. నోరెత్తవేం?"

"ఎత్తితే నువ్వు నవ్వవా?"

"ఇప్పుడు ఎవరు నవ్వుతున్నార్రా?" అన్నాడు క్లెమ్. గొంతు పెద్దది చేయలేదు. "మొన్నటి జాడీ నీ దగ్గరే ఉంది కదూ?"

"ఉంటే? నా వంతు కాబట్టి ఉంది. నేను వాడికి ఇవ్వలేదు."

"మళ్ళీ అక్కడే పని అడుగుతున్నావటగా? రోజుకూలికైనా సరేనని?" అన్నాడు క్లెమ్.

ఆ సంగతి నేను ఒక్క రేలీన్‌కే చెప్పాను, ఆమె కారులో, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని. ఆమె వైపు చూశాను. గ్లాసు అంచు తుడుచుకుంటోంది.

"పని కోసం అడిగాను," అన్నాను. "కూలి కోసం ముసలమ్మని తీసుకెళ్ళి వాడి కాళ్ళ దగ్గర పెట్టానంటారా?"

"మేమేం అన్లేదు," అంది రేలీన్. "నీ పరిస్థితి అలాంటిది కదా నెవిల్. ఎవరమైనా అలాంటప్పుడు..."

తిట్టినా పడేవాణ్ణి. ఆ జాలి నన్ను కాల్చేసింది.

"నేనివ్వలేదు," అన్నాను మళ్ళీ. "క్లెమ్, నా మొహం చూసి చెప్పు. నమ్ముతున్నావా లేదా?"

క్లెమ్ నా మొహం చూడలేదు. రిమోట్ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. "ఇది తేలేదాకా ఆ జాడీ తెచ్చి ఇక్కడ పెట్టెయ్యి," అన్నాడు.

ఇంకేం మిగిలింది? గ్లాసు బల్ల మీద పెట్టి, తలుపు కింద వంగి బయటికొచ్చేశాను. ఎండ మొహం మీద చరిచినట్టు తగిలింది. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ముగ్గురినీ తిట్టాను. మధ్యలో ఒకసారి, నిజంగానే నాకు తెలీకుండా ఇచ్చానేమో అని నన్ను నేనే అనుమానించాను. అందరూ కలిసి అలా చూస్తే మనిషికి తన మీద తనకే నమ్మకం పోతుంది.

కుక్కకి నీళ్ళు పెట్టి వసారాలో కూర్చున్నాను. కాసేపటికి వెస్ పాత ట్రక్కు వచ్చి ఆగింది. దిగి, టోపీ చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. వెస్ టోపీ తీయడం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వెళ్ళాక క్లెమ్ టీవీ మళ్ళీ నడిపించాడు," అన్నాడు. "ట్రిస్టనే చెప్పేశాడ్రా. ఎక్కడ పట్టావంటే, ఫ్యాక్టరీ భోజనాల గదిలో ఎవరో బల్ల మీద సీసాలు పెట్టి వెళ్ళారంట. ఒకటి తాగితే బాగుందట. అడుగునున్న మడ్డిలో పంచదార నీళ్ళు పోసి పెంచాడంట."

నా పని పోయిన రోజు తోటి పనివాళ్ళ కోసం ఒక పెట్టెడు సీసాలు ఆ బల్ల మీద పెట్టాను. ఏ సెలవులొచ్చినా మేం నలుగురం చేసే పనే అది, దొరికినవాళ్ళందరికీ సీసాలు పంచడం. ఇంట్లో కాచిన బీరు సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది, ఈస్టు అడుక్కి దిగి బతికే ఉంటుంది. బీరు కాచే ప్రతివాడికీ తెలిసిన సంగతి. కొన్న సీసాల అడుగునించి మేం ఎన్ని ఈస్టులు పట్టలేదూ! ముసలమ్మని జాడీలో పెట్టి కాపలా కాస్తూ, నలుగురం సీసాల్లో ఊరంతా పంచిపెట్టాం. గరాజ్‌లో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. దొంగ ఎవరన్న ఆలోచన మాత్రం అందరికీ వచ్చింది, నాతో సహా.

"నీ తప్పేం లేదని తేలిపోయింది," అన్నాడు వెస్. "పద. క్లెమ్ సాసేజీలు కాలుస్తున్నాడు. నీకోసం ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమన్నాడు."

"క్లెమ్ రాలేదేం?"

"మొహం చెల్లక."

"వాడు నా పేరు చెప్పాడా?"

"ఎవరు, క్లెమ్మా?"

"ట్రిస్టన్."

వెస్ టోపీ చేతుల్లో తిప్పాడు. "ఎవరో పాత పనివాడన్నాడు. పేరు గుర్తులేదన్నాడు."

"చూశావా," అన్నాను. "నా పేరు కూడా గుర్తులేనివాడు టీవీలో ఒక్క మాటంటే నమ్మారు. ఇన్నేళ్ళు మీ పక్కన కూర్చున్నవాణ్ణి, నేనివ్వలేదని రెండుసార్లు చెప్పాను."

వెస్ గేటు మీద చెయ్యి వేసి, తియ్యకుండా, అలాగే నిలబడ్డాడు.

"సరే, ఇవాళ వద్దులే," అన్నాడు చివరికి. "వచ్చే శనివారం వస్తావు కదా?"

"శనివారం నాకు షిఫ్టుంది," అన్నాను.

ఏ షిఫ్టూ లేదని వాడికి తెలుసు. అయినా ఈసారి నమ్మినట్టే తలూపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.