ధనుంజయ్ నటించని ఒక్క సీను

తనూజకు ఆ ఆదివారం ఉన్నట్టుండి సూర్యభగవానుడి మీద భక్తి పుట్టుకొచ్చింది. ఒక్కపొద్దు ఉన్నానని చెప్పి విస్తరి ముందు కూర్చోలేదు. చెల్లెలి అత్త గంగక్క చేసిన సంగటి, పితికిపప్పు కూర వాసన హోసూరులో ఆ వీధి మలుపు దాకా కొడుతోంది. అయినా తినకూడదు. ఒకరింట్లో చెయ్యి కడిగాక ఆ ఇంటి బిడ్డను తప్పుపట్టకూడదనేది వాళ్ళ బంధువర్గంలో గట్టి మర్యాద. అది తెలిసే గంగక్క సినిమాకు ముందే వడ్డించింది.

సినిమా తీసింది గంగక్క కొడుకు, తనూజ చెల్లెలి మొగుడు ధనుంజయ్. మోటారు విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ అంచెట్టి పక్కన ఒక పాడుబడ్డ ఇంట్లో స్నేహితులతో కలిసి తీశాడు. కథ, దర్శకత్వం, హీరో అన్నీ తనే. తనూజ తన అపార్ట్‌మెంటు గ్రూపులో సినిమాల గురించి నాలుగు ముక్కలు రాస్తుంటుంది. ఆమె బాగాలేదంటే నలభై ఇళ్ళవాళ్ళు టికెట్టు కొనరు. అందుకే ఆమెను పిలిచి ముందుగా చూపిస్తున్నాడు.

చెల్లెలు పూర్ణిమ భయం వేరు. ముందురోజే ఫోన్ చేసింది. సినిమా బాగుందని అక్క అంటే చాలు, ఉద్యోగం వదిలేసి సినిమాల్లోకే పోతానని ధనుంజయ్ వాళ్ళమ్మతో అన్నాడట. అక్కను అబద్ధం ఆడమని ఆమె అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలంది.

అబద్ధంతో పని పడలేదు.

సినిమాలో ఉద్యోగం పోయిన ఒకాయన ఆ సంగతి భార్యకు చెప్పడు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి, ఒక పాడింట్లో పొద్దుగుంకేదాకా కూర్చుంటాడు. ఎవరో తనను గమనిస్తున్నారని అనుమానం. ఎవరూ గమనించరు, చూసేవాళ్ళకే ఆ ఓపిక ఉండదు. ఆ వేషంలో ధనుంజయ్ గోడ మీది బల్లిని పదకొండు నిమిషాలు చూశాడు. బల్లే నయం, మధ్యలో తోకైనా కదిపింది. భయమేస్తే కళ్ళు పెద్దవి చేశాడు, దుఃఖం వస్తే ఇంకా పెద్దవి చేశాడు. చివర్లో పిచ్చెక్కే సమయానికి ఆ ముఖంలో కళ్ళకు ఇంక చోటు మిగల్లేదు. రెండు గంటల పద్నాలుగు నిమిషాలకు సినిమా ముగిసింది. నిజానికి ఆగిపోయింది.

గంగక్క వచ్చి కిటికీ కర్టెన్లు తీసింది. రెండేండ్లు కష్టపడినాడమ్మా, ఒక్క ముద్ద తినేసి చెప్పమ్మా అని మళ్ళీ బతిమాలింది. తనూజ సూర్యుడి వైపు భక్తిగా చూసి వద్దంది.

"ఆ బల్లిని పక్కన పెట్టుకోకుండా ఉండాల్సింది ధనుంజయప్పా," అంది. "పోలిక వచ్చేసింది."

ధనుంజయ్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "స్లో బర్న్ సినిమా అంటే అట్లనే నిదానంగా ఉంటుంది వదినా. మీకు అలవాటు లేదు."

"పిడకలు తడిసినా పొయ్యి నెమ్మదిగానే మండుతుంది. దాన్ని ఎవురూ కళ అనరు."

ఆ తర్వాత ఆమె కథనం, సంగీతం, నటన ఒక్కొక్కటే తీసి ఆరేసింది. గంగక్క మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పూర్ణిమ విస్తర్లు మడుస్తూ ఊపిరి పీల్చుకుంది. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ న్యాయంగా ఉండాలనే జబ్బు తనూజకు కాలేజీ రోజుల నుంచీ ఉంది.

"ఒక్క సీన్లో మాత్రం నమ్మినాను. పొద్దున పెండ్లాము ఫ్యాక్టరీలో ఏమన్నా గొడవా అనడిగితే, డబ్బా మూత మళ్ళీ బిగిస్తా, అట్లాంటిదేమీ లేదులే అంటావే, ఆడ. కళ్ళు గూడా పెద్దవి చేయలేదు."

రెండేళ్ళ కష్టానికి దొరికిన ఆ ఒక్క మెచ్చుకోలుకు ధనుంజయ్ పొంగిపోయాడు.

"అది పోయిన వారం మళ్ళీ తీసినాను వదినా. మొదట్లో ఎంత చేసినా సరిగా రాలేదు. ఈసారి రిహార్సల్ గూడా అక్కర్లేకపోయింది."

పూర్ణిమ చేతిలో విస్తరి సగం మడతలో ఆగింది.

"మూడు వారాలుగా పొద్దున్నే డబ్బా ఇస్తా నేను అదే అడగతాండాను," అంది. గొంతు పెంచలేదు. "నువ్వు అదే చెప్తాండావు. మూత గూడా అట్లనే బిగిస్తాండావు."

"అట్లాంటిదేమీ..." అని మొదలుపెట్టి ధనుంజయ్ ఆగిపోయాడు. తన డైలాగు తనకే అడ్డం పడింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ గంగక్క వైపు ఒకసారి చూశాడు. ఆమె తల దించుకుంది.

"రాజీనామా ఇచ్చి ఇరవై దినాలాయ," అన్నాడు.

"రోజూ యాడికి పోతాండావు మరి?"

"అంచెట్టికి. ఆ ఇంటికే."

ఎవరి వైపూ చూడకుండా, ముఖంలో ఏ కష్టమూ పెట్టకుండా అన్నాడు. ఇంత బాగా ఆ సినిమాలో ఒక్క మాటా పలకలేదని తనూజకు అనిపించింది. పైకి అనలేదు.

పూర్ణిమ విస్తర్లను కింద పెట్టి చేతులు తుడుచుకుంది.

"రేపు పొద్దున ఫ్యాక్టరీ గేటు దాకా నేనూ వస్తాను," అంది. "మళ్ళీ తీసుకుంటారేమో నా ముందరే అడుగు."