మొక్క లేని కాపలా

నేను ఒక ట్రీగార్డును. మేకలు మేయకుండా మొక్క చుట్టూ నిలబెట్టే ఇనుప కంచెను. వెల్డింగు షాపులో పుట్టాను. ఒళ్లంతా పచ్చ రంగు పూసి, మెడకో రేకు బిగించారు. దాని మీద నాయకుడి పేరు, వీధి పేరు ఉన్నాయి. మొక్క పేరు రాయడానికి చోటు చాలలేదు.

ఆ ఏడు నగరమంతా చెట్లు పెంచాలని, నీడ లేని బస్తీలకే ముందు మొక్కలివ్వాలని పథకం వేశారు. మాట మంచిదే. అలా నన్ను సైదమ్మ వీధికి తెచ్చారు. ఆమెది ఇస్త్రీ బండి. నెత్తిన ఎండ, చేతిలో బొగ్గుల పెట్టె. ముందటి వేసవిలో ఆమె భర్త ఆ బండి పక్కనే వడదెబ్బకు కూలిపోయాడు.

"కానుగ చెట్టు పెట్టుండ్రి సారూ, నా పానమన్న నిలబడ్తది" అని అడిగింది.

కానుగే పెట్టారు. ఫొటో కోసం నాయకుడు మొక్కను నల్ల కవరుతోనే గుంటలో దించాడు. కవరు తోటమాలి తీస్తాడని నాయకుడు, తీసే పెట్టారని మాలి అనుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టి, మిర్చి బజ్జీలు తిని వెళ్లారు.

బట్టల మీద చల్లే నీళ్లలో సగం సైదమ్మ మొక్కకే పోసేది. అయినా ఆకులు రాలి పుల్ల మిగిలింది. మేకలు నా వైపు రావడం మానేశాయి. నేను మాత్రం పుల్లకు కాపలా కాస్తూనే ఉన్నాను.

వేసవి ముందర, ఏ వీధిలో చెట్టుందో రాసుకునే లెక్కల సారు వచ్చాడు. బండి దిగకుండానే నన్ను చూసి, చెట్టు ఉందని ఫోన్లో నొక్కాడు.

"చెట్టేడున్నది సారూ?"

"గార్డుంటే చెట్టున్నట్టేనమ్మా. కొత్త మొక్కలు ఖాళీ వీధులకే ఇస్తం."

కంచే చేను మేసిందంటారు. నేను ఆకైనా ముట్టలేదు, అయినా ఆమె నీడ మింగింది నేనే. సిగ్గుతో చితికిపోయాను.

మర్నాడు సైదమ్మ అరచేతులు చీరుకుపోతున్నా నన్ను పెకిలించింది. పుల్లనూ లాగింది. వేళ్లకు చుట్టుకున్న నల్ల కవరు చూసి అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత నన్ను పాత ఇనుము బండివాడికి ఊరకే ఇచ్చేసింది.

"ఇగ మా గల్లీ ఖాళీగనే ఉన్నది. ఆ సారును వచ్చి సూస్కోమను" అంది.

ఇప్పుడు పాత ఇనుము కొట్టులో కుప్ప మీద పడి ఉన్నాను. నిన్న కొట్టు ముందు చాయ్ తాగుతూ ఆ లెక్కల సారే నా రేకు చదివాడు.

"చూసినవా, ఇచ్చిన గార్డునే అమ్ముకున్నరు. వీళ్లకు చెట్లెందుకు?" అని పక్కవాడితో అంటూ, ఫోన్లో పథకం జాబితా నుంచి ఆ వీధి పేరే తీసేశాడు.

ఎండలు ముదిరాయి. సైదమ్మ ఇస్త్రీ చేస్తూ, మొక్క తెచ్చే బండి కోసం వీధి చివరికి చూస్తూ ఉంటుంది.