ధరణి జడలు

సేవ చేస్తామని తిరిగేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఆదివారం వస్తే చాలు, పచ్చ చొక్కాలు తొడుక్కుని తిరుపతి బస్టాండులో చేరతారు. కొండ దిగి వచ్చినవాళ్ళకు దారి చూపిస్తారు, నీళ్ళిస్తారు. ఆ గుంపులో నా పేరు చేర్చింది మా ఆవిడ పంకజాక్షి, నన్నడక్కుండానే. ఆటో తోలేవాడికి ఆదివారమే కదా బాడుగలు దొరికేది. ఆ సంగతి ఎవరికి పట్టింది?

ఆ సాయంత్రం నేను నీళ్ళ డ్రమ్ము దగ్గర ఉండగా నాగవేణి అనే ఆమె ఏడుస్తూ వచ్చింది. తిరుపతిలోనే ఒక బట్టల అంగట్లో పని చేస్తుందట. ఐరాలలో ఉండే వాళ్ళ నాయన మునిరామయ్య, ఆమె కూతురు ధరణిని కొండకు తీసుకుపోయాడు. దిగాక ఆయన మరుగుదొడ్డికి పోయి వచ్చేసరికి పిల్ల లేదు. ఇద్దరినీ ఇంటికి పిలుచుకుపోదామని వచ్చిన నాగవేణికి ఆయన ఒక్కడే కనబడ్డాడు.

"పేరు చెప్పమ్మా, మైకులో పిలిపిస్తాను" అన్నాడు రవిచంద్ర. మా గుంపుకు పెద్ద, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి.

"పిలిస్తే ఇనపడదు సార్. మాటా రాదు."

ఎక్కడెక్కడికో పోయే బస్సులు అవి. పొరబాటున ఎక్కిందంటే, దిగిన చోట ఆ పిల్ల తన పేరు కూడా చెప్పుకోలేదు.

నాగవేణి సెల్లులో ఫోటో చూపించింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ఆ ఫోటో అందరికీ పంపించారు. నర్సింగు చదివే జెస్సీ ప్లాట్‌ఫారాల వెంట పరిగెత్తింది. పూలమ్ముకునే లోకేశ్వరవ్వ బస్సులు బయటికి పోయే గేటు దగ్గర నిలబడింది. నేను ఆటోల మధ్య, జ్యూసు బండ్ల వెనక వెతికాను. జడల పిల్ల ఎవరు కనబడినా వంగి మొహం చూశాను.

"ఏందబ్బా, మా పాపను అట్ల సూస్తాండావు?" అని ఒకడు మీదికి వచ్చాడు.

తిరిగి వచ్చేసరికి మునిరామయ్య తలకు తువ్వాలు చుట్టుకుని బెంచీ మీద నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం తాతా, కూర్చుంటే వస్తాదా పిల్ల? మేమంతా జడలు సూసుకుంటా పిచ్చోళ్ళ మాదిరి తిరగతాండాం!"

ఆయన కూతురి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "జడల్లేవప్పా."

"ఏంది?"

"పొద్దున కొండమీద ఇచ్చేసినా. మాటొస్తే గుండు కొట్టిస్తానని మొక్కుకుంటి. రాలేదు. ముందే ఇస్తే మాటిస్తాడేమోనని..."

నాగవేణి విననే విన్నది. "వద్దని చెప్తిని కద నాయనా! ఇస్కూల్లో పిల్లోళ్ళు ఏడిపించేది చాలదా? ఇంతసేపూ నోరు మూసుకోని ఉంటివే!"

"నువ్వు తిడతావని..."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నాగవేణి రాకముందు ఒక తమిళ కుటుంబం డ్రమ్ము దగ్గరికి వచ్చింది. పెద్దా చిన్నా అందరివీ గుండ్లే, అందరి నెత్తినా చందనమే. వేలూరు బస్సు ఎక్కడని నన్నే అడిగారు. చివర నిలబడిన పిల్ల నీళ్ళు తాగి, ఏమీ అనకుండా గ్లాసు చేతికిచ్చి, వాళ్ళ వెనకే పోయింది. అన్నీ గుండ్లే కదా, వాళ్ళ పిల్లే అనుకున్నాను.

"జెస్సీ! వేలూరు బస్సు!"

"ఇప్పుడే కదిలిందన్నా!"

పరిగెత్తుతూనే లోకేశ్వరవ్వకు ఫోన్ చేశాను. "అవ్వా, వేలూరు బస్సు వస్తాది, ఎట్లైనా ఆపు!"

నేను గేటు చేరేసరికి బస్సు ఆగి ఉంది. దాని ముందు పూలబుట్ట, బుట్ట పక్కన రోడ్డు మీద కాళ్ళు చాపుకుని అవ్వ.

"లేయవ్వా, సస్తావు!" అని డ్రైవరు అరుస్తున్నాడు.

"సస్తే పోయేది నీ ఉద్యోగమే. నాకేం పోతాది, మల్లెపూలు తప్ప?"

బస్సెక్కి చూశాను. తమిళ పిల్లల పక్కన, కిటికీకి ఆనుకుని ఉంది ధరణి. వెనక సీటువాళ్ళ పాప అనుకున్నానని ఆ పిల్లల తల్లి సైగ చేసి చెప్పింది.

కిందికి దించాను. ఎదురుగా వాళ్ళమ్మ వస్తుంటే చూసి, పిల్ల రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నా వెనక దాక్కుంది. నాగవేణి నేల మీదే కూర్చుని ఆ చేతులు మెల్లగా తీసింది. పిల్లను దగ్గరికి లాక్కుంటే చందనం ఆమె బుగ్గకు అంటింది.

మునిరామయ్య దూరంగానే ఆగిపోయాడు. "అమ్మా, నేను ఐరాల బస్సెక్కేదా?"

"ఈ పొద్దు యాడికీ పోబాకు. ఇంటికి రా నాయనా" అంది ఆయన వైపు చూడకుండా. "పాప చెయ్యి మాత్రం నేను పట్టుకుంటా."