శాడ్‌కి వేసిన కుట్టు

ఆ నిఘంటువుల ఆఫీసులో కింద అచ్చుయంత్రాలు, పైన మనుషులు. యంత్రం తిరిగినప్పుడల్లా మేడమీద బల్లలు సన్నగా వణుకుతాయి. కొత్తగా చేరినవాళ్ళు గ్లాసులో నీళ్ళు వణకడం చూసి భూకంపమనుకుని లేచి నిలబడతారు. కొన్నాళ్ళకి వాళ్ళకీ అలవాటైపోయి, సెలవురోజున ఇంట్లో గ్లాసు కదలకపోతే ఏదో వెలితిగా ఉంటుంది.

వెనకగదిలో ఇద్దరు పనిచేస్తారు. ఒకాయన ఇంగ్లీషు మాటలకి ఇవాళ్టి అర్థాలు రాస్తాడు. ఇంకొకావిడ ఆ మాట ఎక్కడ పుట్టింది, ఏ దారిన నడిచొచ్చింది రాస్తుంది. అచ్చుపనివాళ్ళు వాళ్ళకి అర్థాలాయన, వేర్లావిడ అని పేర్లు పెట్టారు. మొహంమీదే అలా పిలుస్తారు, వాళ్ళూ పలుకుతారు. ఇద్దరూ వదినా మరుదులు. వేర్ల పని మొదట ఆవిడ భర్తది, అంటే అర్థాలాయనకి అన్నగారిది. ఆయన పోయాక, ఆఫీసు నడిపే పెద్దాయన ఆవిణ్ణి పిలిపించి, ఇన్నేళ్ళూ మొగుడి నోట విన్నది సగం చదువమ్మా, మిగతా సగం ఇక్కడ నేర్చుకో, అని ఆ కుర్చీలో కూచోబెట్టాడు. ఆవిడ నేర్చుకుంది. నేర్చుకుని అరిగిపోయింది కూడా.

ఆ ఆఫీసుకో పద్ధతుంది. అర్థాలు రాసేవాళ్ళు వేర్లు చూడకూడదు, వేర్లు రాసేవాళ్ళు అర్థాలు చూడకూడదు. ఒకరిది చూసి ఒకరు సర్దేసుకుంటారని పెద్దాయన భయం. అందుకే బల్లలు పెడమొహంగా వేయించాడు. రెండూ రాయడం అయ్యాక ఎదురెదురుగా కూచుని అతుకుతారు. దాన్ని వాళ్ళు కుట్టు అంటారు. మాట పాత అర్థంనుంచి కొత్త అర్థంలోకి ఎక్కడెక్కడ మలుపు తిరిగిందో వేర్లావిడ చెప్పాలి. ప్రతి మలుపుకీ మన ఇళ్ళల్లో ఎవరైనా అనే వాక్యం ఒకటి దొరకాలి. దొరికితే కుట్టు పడ్డట్టు. దొరక్కపోతే ఆ మలుపు వాళ్ళ దేశంలో నిజమేమోగాని మన పుస్తకంలో ఎక్కదు. వాక్యం ఎవరైనా చెప్పొచ్చు, ఒప్పుకోవాల్సింది మాత్రం అర్థాలాయన. ఎవరూ వాడని మాట ఆయన చెవిన పడితే చెప్పులో రాయి పడ్డట్టే.

ఇక ఇంటి సంగతి. అర్థాలాయన తల్లికి ఎడమవైపు పడిపోయి మంచం పట్టింది. మాట కాస్త ముద్దగా వస్తుంది, తెలివి మాత్రం పదునుగానే ఉంది. అదే ఇంట్లో ఉండే కోడలు, అంటే వేర్లావిడ, పొద్దున్నే లేచి ఆవిణ్ణి పక్కకి తిప్పి, ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, జావ పట్టి, తను ఏదో నోట్లో వేసుకుని బస్సెక్కుతుంది. మధ్యాహ్నం పక్కింటావిడ ఓసారి తొంగిచూస్తుంది. సాయంత్రం మళ్ళీ తిప్పడం, తుడవడం, పట్టడం. అర్థాలాయనేమో పెళ్ళికి తీరిక దొరక్క ముదిరిపోయిన బ్రహ్మచారి. మందులు తెస్తాడు, తల్లి పక్కన కూచుని పేపరు చదివి వినిపిస్తాడు. అమ్మని నేను చూసుకుంటున్నాను అని ఎవరితోనైనా అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్తున్నాననుకోడు.

ఇలా ఉండగా ఆఫీసువాళ్ళు వేరే ఊళ్ళో పిల్లల నిఘంటువు మొదలుపెట్టారు. దాన్ని నడపడానికి వేర్లావిడని వెళ్ళమన్నారు. అక్కడ ఆవిడకో గది ఇస్తారు, ఒక్కదానికే. ఇద్దరూ కూడబలుక్కుని చెప్పండి, బలవంతమేం లేదు, అన్నాడు పెద్దాయన. ఆవిడ ఇంట్లో అంట్లు తోముతూ మరిదితో ఆ మాట ఎత్తింది. అర్థాలాయన పేపరులోంచి తల ఎత్తకుండా చూద్దాం అన్నాడు. ఆవిడ తోమిన గిన్నె బోర్లించి ఇంకోటి అందుకుంది. తెలుగులో చూద్దాం అనే మాటకి ఎన్ని అర్థాలున్నా, ఆయన నోట్లో ఒకటే అర్థం.

చూద్దాం, చూద్దాం అంటూనే గడువు దగ్గరపడింది. రేపు పొద్దున జవాబు చెప్పకపోతే ఇంకొకర్ని పంపుతానని పెద్దాయన కబురు చేశాడు. సరిగ్గా ఆ రోజే కుట్టుకి శాడ్ అనే ఇంగ్లీషు మాట వచ్చింది.

అర్థాలాయనకి అది నలిగిన మాట. విచారం, దిగులు, ఖేదం అని రాసి చేతులు దులుపుకున్నాడు. వేర్లావిడ ఎదురుగా కూచుని, కళ్ళజోడు తీసి ముక్కు నలుపుకుని మొదలుపెట్టింది. ఈ మాటకి పుట్టుకలో దిగులే లేదంది. పాత ఇంగ్లీషులో కడుపు నిండినవాణ్ణి ఇలా అనేవాళ్ళు. జర్మన్లో ఉన్న దీని తోబుట్టువుకి ఇప్పటికీ అర్థం కడుపు నిండడమే. లాటిన్లో చాలు అనే మాట దీనికి దూరపు చుట్టం. నిండడంలోంచి విసుగు వచ్చింది, బరువు వచ్చింది. బరువుగా ఉన్నది తొణకదు గనక గంభీరం వచ్చింది. దిగులు అందరికంటే వెనకొచ్చి, మిగతావాళ్ళని లేపేసి పీట మీద తను కూచుంది. అయినా బరువు ఓ పట్టాన పోలేదు, దిగులు స్థిరపడ్డ ఎన్నో ఏళ్ళకి కూడా బరువైన ఇస్త్రీపెట్టెనీ, పొంగని రొట్టెనీ వాళ్ళు శాడ్ అనే పిలిచారు.

బరువుకీ గంభీరానికీ అర్థాలాయన తలూపాడు. బరువైన మనసని మనమూ అంటాం కదా. మొదటి మలుపు దగ్గర మాత్రం ఆగిపోయాడు. కడుపు నిండినవాడు గుర్రుపెట్టి నిద్రపోతాడుగాని విసుక్కుంటాడా అన్నాడు. ఆకలైనవాడు కదా విసుక్కునేది, నాకే చూడు, పన్నెండు దాటితే మనిషిని కాను. అలా అని తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు.

ఆవిడ నవ్వలేదు. కింద యంత్రం ఆగింది. గ్లాసులో నీళ్ళు నిలిచాయి.

"వాక్యం నేను చెప్తాను, రాసుకో," అంది. "ఆవిడకి ఆ ఇంటి చాకిరీతో మొహం మొత్తింది."

అర్థాలాయన రాసుకున్నాడు. రాసుకుని పెన్ను మూతితో చెంప గోక్కున్నాడు.

"మొహం మొత్తడం తిండికి కదా వదినా. అందులోనూ తీపికి. చాకిరీతో మొత్తిందని ఎవరంటారు? చాకిరీతో విసిగింది అంటారు. ఇంకోటి, ఆవిడ అంటే ఎవరావిడ? చదివేవాడికి తెలియద్దూ?"

"తెలియదంటావా?"

"ఎలా తెలుస్తుంది?"

వేర్లావిడ ఆయన్ని కాసేపు చూసింది. ఆవిడ మొహంలో కోపం లేదు. కోపం తెచ్చుకోడానికీ కాస్త ఓపిక కావాలి. ఈలోగా ఆయన ఆ వాక్యం కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో వాడుకలో లేదు అని రాశాడు. ఆ పక్కనే పిల్లవాడికి మిఠాయి మొహం మొత్తింది అని ఇంకో వాక్యం రాసి, ఇది చక్కగా ఉంది అన్నాడు. అది తిండి దగ్గరే ఆగిపోయింది, మలుపెక్కడ తిరిగింది, అని ఆవిడ అడిగింది. అయితే ఆ మలుపు తీసేద్దాం అన్నాడు ఆయన.

"సరేనయ్యా అర్థాలాయనా, తీసెయ్," అని ఆవిడ లేచింది. ఇంట్లోగాని ఆఫీసులోగాని ఆవిడ ఆయన్ని ఎప్పుడూ అలా పిలవలేదు. "నేనివాళ మా చెల్లెలింటికి పోతున్నా. రాత్రికి రాను. అత్తయ్యకి జావ నువ్వు పట్టు."

సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. పండగలేదు, పబ్బంలేదు, ఉన్నట్టుండి చెల్లెలెందుకు గుర్తొచ్చిందో అర్థాలాయనకి బోధపడలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి జావ కాచాడు. ఉండలు కట్టింది. చెంచాతో చిదిపాడు, సగం చితికాయి. తల్లిని లేపి కూచోబెట్టబోతే మనిషి లేవలేదు. చంకల కింద చేతులేసి లాగాడు. ఎముకలు తప్ప ఏమీ లేని మనిషి, తడిసిన పరుపులా ఇంత బరువేమిటి అనుకున్నాడు. ఇంకోసారి లాగేసరికి ఆయన నడుంలో ఎక్కడో కలుక్కుమంది. మూడో ప్రయత్నానికి ఆవిడ గోడకి చేరగిలబడింది, ఆయన మంచంపట్టెకి చేరగిలబడ్డాడు. ఇద్దరూ ఒకేలా రొప్పుతున్నారు.

నాలుగు చెంచాలు పట్టాడు. అయిదోదానికి ఆవిడ పెదాలు మూసేసింది. చిన్నపిల్లని బుజ్జగించినట్టు బుజ్జగిస్తే నోట్లోకి తీసుకుని, మింగకుండా మెల్లిగా గడ్డం మీదికి వదిలేసింది. ఆయన తుడిచాడు. తుడుస్తుంటే పక్కబట్ట తడిగా తగిలింది. అదీ మార్చాలి. మార్చాలంటే మళ్ళీ ఎత్తాలి. పేపరు ఇంకా మడత విప్పకుండా కుర్చీలో పడి ఉంది. ఈ ఇంట్లో ప్రతి పూటా ఇంత పని జరుగుతోందని ఆయనకి కళ్ళకి తెలుసు, చేతులకి ఇప్పుడే తెలిసింది.

"కడుపు నిండిందా అమ్మా?"

"కడుపెప్పుడో నిండింది," అంది తల్లి ముద్దమాటల్లో. "చాలురా. ఈ జావతో, ఈ మంచంతో, మీ ఇద్దరితో మొహం మొత్తిపోయింది నాకు."

చెంచా ఆయన చేతిలోనే ఉండిపోయింది. తల్లి ఊపిరి తీసుకుని, బాగున్న చేత్తో దుప్పటి అంచు సర్దుకుంది.

"దానికీ మొత్తిందిరా. నన్ను తిప్పే చేతిలోనే తెలుస్తుంది. విసురు లేదు, పాపం, ఎప్పుడూ విసరలేదు. చెయ్యే బరువైపోయింది. నీతో చెప్పలేదా?"

చెప్పింది, అన్నాడు ఆయన. చెప్పింది అని మళ్ళీ అన్నాడు, ఈసారి తనలో తాను.

మర్నాడు ఆయన ఆఫీసుకి ఆలస్యంగా వచ్చాడు. గడ్డం సగమే గీసి ఉంది. నడుంమీద చెయ్యి వేసుకుని మెట్లు ఎక్కుతుంటే అచ్చుపనివాళ్ళలో ఒకడు, ఏంటి అర్థాలాయనా, ఇవాళ అర్థాలన్నీ నడుం మీదేసుకొచ్చావు, అన్నాడు. ఆయన ఆగకుండా వెళ్ళి ముందుగదిలో పెద్దాయనతో కాసేపు మాట్లాడి, తర్వాత వెనకగదికి వచ్చాడు. వేర్లావిడ అప్పటికే కూచుని ఉంది. చెల్లెలింట్లో కూడా నిద్రపట్టినట్టు లేదు, కళ్ళకింద నలుపు అలాగే ఉంది.

ఆయన తన కుర్చీ తిప్పి ఎదురుగా వేసుకున్నాడు.

"నీ వాక్యం ఉంచుతున్నా."

"వాడుకలో లేదన్నావుగా."

"ఉంది. నిన్న ఇంట్లో విన్నా."

ఎవరన్నారని ఆవిడ అడగలేదు. ఇంట్లో ఉన్నది ఇంకెవరు. అత్తయ్య తిన్నదా అని మాత్రం అడిగింది. నాలుగు చెంచాలు అన్నాడు. జావ ఉండలు కట్టిందని కూడా ఒప్పుకున్నాడు.

"పెద్దాయనకి చెప్పొచ్చాను, నువ్వు వెళ్తున్నావని," అన్నాడు. "పగలు పక్కింటావిడ చూస్తానంది. పొద్దున్నా సాయంత్రం నేనున్నా. ఇక్కడ వేర్లకి ఎవరినో పెడతారట."

వేర్లావిడ బల్లమీదున్న కళ్ళజోడు తీసి తుడిచింది. అది శుభ్రంగానే ఉంది, అయినా తుడిచింది. వెళ్ళమన్న మాటకోసం ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన మనిషి, ఆ మాట వచ్చాక దాన్నెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది. అత్తయ్య ఏమంది అని అడిగింది. అమ్మే పంపమంది అని ఆయన అనొచ్చు, అంటే వినడానికి బాగుంటుంది. అలా అనలేదు.

"నాతో కూడా మొహం మొత్తిందంది," అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. నిన్నటినుంచి రావాల్సిన నవ్వు, సగం వచ్చి ఆగిపోయింది. ఆయన కాగితం ముందుకు లాక్కుని, కొట్టేసిన వాక్యాన్ని మళ్ళీ మంచి అక్షరాలతో రాశాడు. ఆవిడ అనే మాట దగ్గర ఆగాడు, ఎవరో చెప్పాలా అన్నట్టు. అక్కర్లేదని వదిలేశాడు. మొదటి మలుపుకి కుట్టు పడింది. తర్వాతి మలుపుకి ఆవిడే అందించబోయి, దానికి బదులు వేరే మాట చెప్పింది.

"అత్తయ్యని తిప్పేటప్పుడు ముందు ఆవిడ మోకాలు మడవాలి. మడిచి, భుజం పట్టుకుని తిప్పాలి. చంకల్లో చేతులేసి లాగితే నీ నడుం పోతుంది."

"పోయింది," అన్నాడు అర్థాలాయన.

కింద యంత్రం మళ్ళీ మొదలైంది. ఆయన కాగితం పక్కకి జరిపి, ముందు మోకాలా, ముందు భుజమా, ఇంకోసారి చెప్పమన్నాడు.