ఏడు టేకులు

మూడు అట్టపెట్టెలు ఆక్లండ్ నుంచి బుధవారం సాయంత్రం దిగాయి. గురువారం మూడు గంటలకి మనోవా వస్తాడు. ఈలోగా ఒసెయా చెయ్యాల్సిన పని ఒకటే. మూడింట్లో ఒక హెడ్‌ఫోన్ ఎంచుకోవాలి. దాంతో తన భార్య పాటని ఆఖరిసారి విని, లోపాలు సరిచేసి, బావమరిది చేతిలో పెట్టాలి.

ఉనాయిసి పోయి తొంభై ఎనిమిది రోజులైంది. ఆమె పుట్టిన ఊరు కందావు దీవిలో ఉంది. ఆమెని మట్టిలో పెట్టిన రోజునే ఆ ఊళ్ళో గిటార్లు గోడలకెక్కాయి. వందో రోజుదాకా ఎవరూ తీగ ముట్టుకోరు. శనివారంతో ఆ కట్టు వీడుతుంది. ఆమె తమ్ముడు మనోవా ఊరి పాటల బృందానికి నాయకుడు. ముందు అక్క గొంతు వినిపించాలి, ఒక్క గొంతే, గిటారు కూడా వద్దు, ఆ తర్వాతే మేం తీగ ముట్టుకుంటాం అని పట్టుబట్టాడు. పెద్దలు సరేనన్నారు.

తోడు వాయిద్యం లేని గొంతంటే మాటలు కాదు. గిటారు వెనక దాక్కునే తప్పులన్నీ బయటికొచ్చి నిలబడతాయి. అందుకే మంచి హెడ్‌ఫోన్ కావాలి. ఒసెయాకి ఒక మంచిది ఉండేది. అది ఇప్పుడు ఉనాయిసితో పాటు శవపేటికలో ఉంది. ఆసుపత్రి మంచం మీద చివరి రెండు రోజులూ ఆమె దాన్ని అడిగి తెప్పించుకుని తల దగ్గరే పెట్టుకుంది. "దీంతోనే కదా పడుకుంది, దీంతోనే పోనీ" అంటూ అత్తగారు పేటికలో పరిచిన చాపల మడతలో పెట్టేసింది. ఒసెయా అడ్డు చెప్పలేదు.

స్టూడియో రాజధాని సువాలో, సామాబూలా వీధిలో టైర్ల కొట్టు పైన ఉంది. గురువారం పొద్దున ఎనిమిదింటికి ఒసెయా తలుపు గడియ పెట్టి పనిలో దిగాడు.

మూడూ వెనకవైపు జాలీ ఉన్న రకమే. చెవిని మూసిపెట్టే డబ్బాల్లో శబ్దం ఇరుకు గదిలో అరిచినట్టుంటుంది. జాలీ ఉన్నవాటిలో శబ్దానికి గాలాడుతుంది, ఏ గొంతు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మిక్సింగ్ చేసేవాళ్ళకి అదే కావాలి. వాటితో వచ్చే చిక్కు ఒకటే. లోపల మోగేది బయటికి కూడా కారుతుంది. అందుకే మైకు ముందు పాడేవాళ్ళకి వాటిని ఇవ్వకూడదు. కారిన శబ్దాన్ని మైకు పట్టేస్తుంది. ఈ పనిలో చేరినవాడికి మొదటి వారంలో చెప్పే పాఠం ఇది.

ఒసెయా కంపెనీ పేర్ల మీద ప్లాస్టర్ అంటించాడు. పేరు చూస్తే చెవి లొంగిపోతుంది. మూడింటికీ ఒకటి, రెండు, మూడు అని అంకెలేశాడు. మూడింట్లోనూ మోత సమానంగా ఉండేలా సరిచేశాడు. కాస్త గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోవడం అతనికి పాత అనుభవం. నాలుగోదిగా, పోలికకోసం, తన పాతదాన్ని పక్కన పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళ నాటిది. చెవులకి ఆనే మెత్తలు రెండూ అప్పడాల్లా అణిగిపోయాయి.

ముందు రేకుల మీద వాన. తనే రికార్డు చేసింది. ఒకటో దాంట్లో చినుకులు ముద్దగా పడుతున్నాయి. రెండోది ఫరవాలేదు. మూడో దాంట్లో చూరు కింద నిలబడ్డట్టే ఉంది. తర్వాత చర్చిలో నలభైమంది పాట. మూడో దాంట్లో వెనక వరసలో ముసలాయన గొంతు సవరించుకోవడం కూడా, ఎడమ మూలనుంచి, స్పష్టంగా వినిపించింది.

పదిన్నరకి మూడోదే ఖాయం అనుకున్నాడు. ఇక ఆఖరి పరీక్ష మిగిలింది. తను ఈ లోకంలో అన్నిటికన్నా బాగా ఎరిగిన శబ్దంతో చెయ్యాల్సింది.

ఉనాయిసి పాట ఫైలు తెరిచాడు. ఏడు టేకులున్నాయి, ఒకే పాట ఏడుసార్లు పాడినవి. శనివారానికి ఇవ్వాల్సింది ఏడోది. రికార్డు చేసిన రోజు అన్నిటికన్నా మెత్తగా వచ్చింది అదే.

మూడో హెడ్‌ఫోన్‌తో ఏడో టేకు విన్నాడు. పది సెకన్లకే ఆపేశాడు.

గొంతులో ఊపిరి లేదు. మెత్తదనం కాదది, అలసట. మాట చివర్లు నేల మీద ఈడ్చుకుపోతున్నాయి. ఒసెయా హెడ్‌ఫోన్ తీసి చూసుకున్నాడు. ఇది బాలేదేమోనని రెండోది పెట్టాడు. అదే అలసట. ఒకటోది పెట్టాడు. అదే.

పాతది పెట్టాడు. గొంతు మెత్తగా, అందంగా ఉంది.

ముగ్గురు సాక్షులు ఒక మాట చెబుతున్నారు. నాలుగోవాడు ఇంకో మాట చెబుతున్నాడు. ఒసెయా ముప్పయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు. ఎవరిది అబద్ధమో తెలుసుకోడానికి అతనికి నిమిషం పట్టలేదు. కానీ తెలిసినదాన్ని ఒప్పుకోడానికి మనసు రాలేదు.

చివరికి మొదటి టేకు తెరిచాడు.

ఆ రోజు పొద్దున ఉనాయిసి తల నొప్పెడుతోందంది. మందులకి జుట్టు రాలి, చర్మం పచ్చిపుండులా ఉంది. చెవులు మూసే హెడ్‌ఫోన్ పెట్టబోతే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జాలీ ఉన్నదైతే తేలిక, దూదిలా ఆనుతుంది. అందుకే తన మంచిదాన్ని తీసి ఆమెకిచ్చాడు. తన మాట మైకులోకి కాస్త కారినా టేకుల మధ్య ఖాళీల్లోనే కదా, కోసేయొచ్చు అనుకున్నాడు. తను పాతది తగిలించుకున్నాడు.

మెత్తలు అణిగితే లోపల మోగే పలుచని పొర చెవికి దగ్గరవుతుంది. పై స్వరాలు సూదుల్లా గుచ్చుతాయి. ఇది కూడా అతనికి తెలుసు. ఎదుటివాడి స్టూడియోలో అయితే చూడగానే చెప్పేవాడు.

మొదటి టేకు మోగింది. పడవలు ఆగే చోట తడి చాపలు దులిపే ఆడవాళ్ళ పాట, ఆమే కట్టింది. గొంతు నిండుగా ఉంది, పై స్వరంలో చిన్న వణుకు, ఆ వణుకులోనే ప్రాణమంతా ఉంది. ఎక్కడా గుచ్చడం లేదు. ఒక్క చోట కూడా లేదు. పాట ముగిసింది. ఫైలు ఆగలేదు. ఆ రోజు మధ్యలో ఎక్కడా రికార్డింగ్ ఆపలేదు.

"అయిపోయినట్టేగా?" ఉనాయిసి గొంతు. "బాగా వచ్చింది."

దాని వెనక, చీమ మాట్లాడినట్టు, ఆమె చెవులనుంచి కారి మైకులో పడ్డ తన గొంతు: "పైన గుచ్చుతోంది. ఇంకొక్కసారి. మెత్తగా."

రెండో టేకు చివర: "నాకు బాగానే వినిపిస్తోంది ఒసెయా."

"వినాల్సింది నీ చెవి కాదు, నాది."

"ముప్పయ్యేళ్ళ కాపురంలో గొడవంతా అదేగా." ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. దగ్గు చాలాసేపు ఉంది.

నాలుగు తర్వాత నీళ్ళడిగింది. ఐదు తర్వాత "రేపు పాడనా?" అంది.

చీమ గొంతు అంది, "రేపటికి ఈ గొంతు ఉంటుందని ఏం నమ్మకం?"

ఆ మాట తను అన్నట్టు ఒసెయాకి జ్ఞాపకమే లేదు. ఆ తర్వాత మైకులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పదకొండు సెకన్లు. తర్వాత ఉనాయిసి "సరే" అంది.

ఏడో టేకు చివర: హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. ఖాళీ బల్ల మీదనుంచి చీమ గొంతు, ఆనందంగా: "ఇదీ. ఇదీ నేనడిగింది. ఎంత బాగా పాడావో తెలుసా?"

ఆ మాట ఆమె చెవిన పడలేదు. అప్పటికే గుమ్మం దాటింది. రెండో రోజు పెద్దాసుపత్రిలో చేర్చారు. తిరిగి రాలేదు.

*

మూడు కొట్టకముందే మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి.

"ఏం బావా, తలుపుకి గడియేమిటి? దొంగతనమేమైనా చేస్తున్నావా?" మనోవా చేతిలో రోటీల పొట్లం, భుజాన ప్రయాణం సంచి. "చేసినా ఏముందిలే ఇక్కడ, ఈ డొక్కు డబ్బాలు. మా ఊళ్ళో పందులు కూడా ఎత్తుకెళ్ళవు."

కందావులో అక్క మొగుడితో ఇలా మాట్లాడకపోతే మర్యాద కాదు. ఒసెయా కూడా ఏదో ఒకటి తిరిగి అనాలి. "పందులకి చెవులున్నాయి. నీకే లేవు" అన్నాడు. గొంతు తనకే వేరుగా వినిపించింది.

"తిన్నావా? తినలేదు. చూస్తేనే తెలుస్తోంది. అక్క ఉంటే ఈ మొహం చూసి కర్రపెండలం చెక్కు తీసే పీటతో కొట్టేది." మనోవా కుర్చీలో కూలబడ్డాడు. "ఆరింటికి పడవ. ఏదీ, వినిపించు."

ఒసెయా మొదటి టేకుని సిద్ధం చేసి ఉంచాడు. పాట ముగిసిన చోట శుభ్రంగా కోశాడు. రెండు సెకన్ల పని. బావమరిది తలకి మూడో హెడ్‌ఫోన్ తగిలించి, మీట నొక్కాడు.

మనోవా మొదట జాలీని వేలితో తడిమి, చేపల బుట్టలా ఉందని ఏదో అనబోయాడు. అనలేదు. పాట సగానికి వచ్చేసరికి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. అయిపోయాక గానీ చేతులు తీయలేదు.

"ఇంకెవరూ ఇలా పాడలేరు బావా." ముక్కు చీదుకున్నాడు. "నువ్వు చెప్పావు చూడు, తనే పాడతానందని, ఒక్కసారి పాడి లేచి ఇంటికెళ్ళి పడుకుందని. అమ్మ ఆ మాట పట్టుకునే బతుకుతోంది. వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతుంది. నా బిడ్డ కష్టపడలేదు, ఒక్కసారి పాడింది, పడుకుంది అని. శనివారం కూడా ఊరందరి ముందూ చెబుతుందట."

ఒసెయా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మాట్లాడకుండా ఉంటే సరిపోతుంది. బావమరిది ఫైలు తీసుకుని పడవెక్కుతాడు. అత్తగారు శనివారం ఆ మాట చెబుతుంది. తను ఆవిడ పక్కన చాప మీద కూచుని తలూపుతాడు. ఆ తలూపడం కళ్ళకి కట్టింది.

"అది తీయకురా. ఇంకాస్త ఉంది" అన్నాడు.

కోయని ఫైలు పెట్టాడు. మొదటినుంచీ, ఏడూ. మనోవా విన్నాడు. ఒసెయాకి పాట చాలా సన్నగా, జాలీలోంచి కారినంతే వినిపిస్తోంది. కానీ ఏ చోట ఏ మాట వస్తుందో తెలుసు. "వినాల్సింది నీ చెవి కాదు" దగ్గర మనోవా తలెత్తాడు. పదకొండు సెకన్ల దగ్గర కళ్ళు మూసుకున్నాడు. కింద కొట్లో ఎవరో టైరు దొర్లిస్తున్నారు.

ఇరవై ఎనిమిది నిమిషాల తర్వాత మనోవా హెడ్‌ఫోన్ తీసి, పగిలిపోయే వస్తువులా, బల్ల మీద పెట్టాడు.

"మొదటిది ఎందుకు బాలేదు?"

"బానే ఉంది. నా హెడ్‌ఫోన్ బాలేదు. నాకు ఇవాళే తెలిసింది."

"మంచిది అక్క తల మీద ఉంది."

"ఆఁ."

"బాగానే వినిపిస్తోందని చెప్పింది."

"చెప్పింది."

మనోవా లేచాడు. సంచి భుజాన వేసుకున్నాడు. తిట్టినా బావుండునని ఒసెయా ఎదురుచూశాడు. ఈ సంబంధంలో తిట్టుకి హద్దు లేదు. పందంటే పంది, గాడిదంటే గాడిద.

"ఆ ఫైలు మొత్తం ఇవ్వండి" అన్నాడు మనోవా. "ఎక్కడ ఆపాలో నేను చూసుకుంటాను."

ఇవ్వండి అన్నాడు. ముప్పయ్యేళ్ళలో మనోవా అతనితో పరాయివాడితోలా మర్యాదగా మాట్లాడటం అదే మొదలు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. మనోవా అది జేబులో వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు.

"శనివారం రావద్దు. అమ్మ మీ మొహం చూసి అడుగుతుంది. మీరు దాచలేరు."

"బామ్మర్దీ."

"పడవ టైమైందండీ."

రోటీల పొట్లం బల్ల మీదే ఉండిపోయింది.

*

శనివారం పొద్దున పదింటికి ఫోను మోగింది. మనోవా నంబరు.

"మనోవా?" అన్నాడు ఒసెయా. మనుషుల గుసగుసలు, చాపల మీద అడుగులు, ఎవరిదో చంటిపిల్ల ఏడుపు. ఫోను ఎక్కడో స్పీకరు ముందు పెట్టి ఉంది.

పాట మొదలైంది.

ఫోనులో అది రేకుడబ్బాలో కందిరీగలా ఉంది. కింది స్వరాలు లేవు, పైవి ముక్కలైపోయాయి. ఒసెయా ఫోనుని చెవికి నొక్కిపట్టుకున్నాడు. మొదటి టేకు. వణుకు ఉంది. రెండో చరణం ముందు ఆమె తీసుకున్న ఊపిరి కూడా ఉంది. పాట ఆఖరి మాటకి చేరుతోంది. ఇక ఆమె అయిపోయినట్టేగా అంటుంది. తర్వాత చీమ గొంతు వస్తుంది. ఊరంతా వింటుంది. అత్తగారు వింటుంది.

ఆఖరి మాట సాగి, ఆగింది. ఆమె ఊపిరి వదిలింది.

అక్కడ ఆగిపోయింది.

ముందు ఆడవాళ్ళ ఏడుపు. దానిలోంచి అత్తగారి గొంతు, దూరంగా, గట్టిగా: "ఒక్కసారే పాడింది నా బిడ్డ. ఒక్కసారి పాడి, పడుకుంది." తర్వాత ఎవరో గిటారు శ్రుతి చేశారు. తొంభై తొమ్మిది రోజులు గోడకి ఉన్న తీగలు, కాస్త తప్పుగా పలికాయి, సర్దుకున్నాయి.

"బామ్మర్దీ" అన్నాడు ఒసెయా. ఎవరో ఫోను చేతిలోకి తీసుకున్నట్టు చప్పుడైంది. ఊపిరి వినిపించింది. మగవాడి ఊపిరి, ఏడ్చి ఏడ్చి బరువెక్కింది. "మనోవా, నేనే. వింటున్నాను."

అవతల ఊపిరి ఆగి, మళ్ళీ కదిలింది. రెండు పాటలయ్యేదాకా ఫోను అలాగే ఉంది. మూడో పాట మధ్యలో కట్టయింది.