మొదటి ముడి

సుకన్య రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే అత్త గిరిజమ్మ వంటింట్లోంచి కేకేసింది. "ఒరే వీరభద్రా, ఆదోనికి ఫోన్ చేసి మీ చెల్లెల్ని రమ్మనప్పా. కొత్త పడుగు వచ్చినాది. మొదటి ముడి ఎవరేస్తారు?"

ఎవరేస్తారట! కోడలు ఇంట్లోనే ఉండగా ఎంత తేలిగ్గా అడిగేసింది! సుకన్యకు ఒళ్లు మండింది. రాట్నం మాత్రం ఆపలేదు.

ఎమ్మిగనూరులోని ఆ ఇంటికొక పద్ధతి ఉంది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే అతకాలి. వేళ్లకు బూడిద రాసుకుని, రెండు పోగులనూ కలిపి మెలిపెట్టాలి. వేలకొద్దీ పోగులు. అందులో మొదటిదానికి మాత్రం పసుపు రాసి ఇంటి ఆడమనిషే ముడి వెయ్యాలి. తనకు చూపు ఆనకుండా పోయినప్పటి నుంచి గిరిజమ్మ దాన్ని కూతురి చేతే వేయిస్తోంది. మిగతావి ఎవరైనా అతకొచ్చు. ఆ ఎవరైనా అంటే సుకన్యే. కర్ణాటకలోని ఇలకల్ నుంచి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నడుము పట్టేసేదాకా అతికింది, గంజి కాచింది, కండెలు చుట్టింది, ఆ పనుల సందులోనే ఇద్దరు బిడ్డల్ని కని పెంచింది. "నేసేదంతా మావోడే. కోడలా? ఊరికే ఇంట్లో ఉంటాది," అని చుట్టాలకు చెబుతుంది గిరిజమ్మ. ఊరికే ఉండటం ఇంత పనా, తల్లీ!

మొగుడు వీరభద్రప్ప చెడ్డవాడేం కాదు. కొట్టడు, తిట్టడు. నలుగురు చేరితే మాత్రం పెళ్లాం తెలుగును ఆమె యాసలోనే పలికి నవ్విస్తాడు. కూరలో ఉప్పెక్కువైతే "ఎంతైనా పైరాష్ట్రపామె గదా" అంటాడు. ఉప్పుకు కూడా రాష్ట్రముంటుందని అతన్ని కట్టుకున్నాకే ఆమెకు తెలిసింది. పోనీ పుట్టింటికి పోతే అక్కడ వదిన గుమ్మంలోనే "ఆంధ్రదాకి బంద్లు" అని లోపలికి కేకేస్తుంది, ఆంధ్రామె వచ్చిందట! ఇక్కడ కన్నడామె, అక్కడ ఆంధ్రామె. బస్సు సరిహద్దు దాటే ఆ కాసేపే ఆమె ఒట్టి సుకన్య. ఆ పసుపు ముడి ఒక్కసారి తన చేత వేయించి ఉంటే, ఈ ఇంటి మనిషినేనని మనసు కుదుటపడేది. ఎవరూ వేయించలేదు.

మధ్యాహ్నానికల్లా ఆడపడుచు సుధారాణి ఆదోని నుంచి చెమటలు కక్కుకుంటూ దిగింది. చెంబుడు నీళ్లు తాగి తల్లి మీద విరుచుకుపడింది.

"ప్రతిసారీ నన్నెందుకు పిలిపిస్తావమ్మా? వదిన ఉండాది గదా ఈడ."

"ఆమె ఆపక్కది. పరాయి సెయ్యి పడితే మగ్గం కలిసిరాదు."

"మా అత్త గూడా ఇట్లనే అంటాది నన్ను. ఎమ్మిగనూరామెకు మా ఇంటి సంగతులెందుకని! అయినా నువ్వేమన్నా ఈడ పుట్టినావా? నీ పుట్టిల్లు గూడా ఆపక్కదే, సిరుగుప్ప కాడ గదా!"

గిరిజమ్మ మొహం మాడిపోయింది. "పసుపు కలుపుపో," అని మాత్రం అంది.

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పోయినేడు జ్వరమొచ్చి పలవరించినప్పుడు ముసలామె నోట వచ్చిందంతా కన్నడమే. కాళ్లు పిసుకుతూ సుకన్య కూడా కన్నడంలోనే బదులు చెప్పింది. జ్వరం తగ్గాక ఇద్దరూ ఏమీ ఎరగనట్టే ఉన్నారు.

సుకన్య లేచింది. చేతులు కడుక్కుని వచ్చి సుధారాణి చేతిలోని పసుపు గిన్నె అందుకుంది. సుధారాణి సంతోషంగా ఇచ్చేసింది.

"ఏమే, ఏం జేస్తాండావు?" అన్నాడు వీరభద్రప్ప.

"ముడేస్తాండాను."

గిరిజమ్మ గబగబా మగ్గానికి అడ్డం వచ్చి నిలబడింది. "ఎవరిచ్చినారు నీకీ హక్కు?"

సుకన్య తగ్గలేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి, పగటిపూట, అందరి ముందూ, గొంతు తగ్గించకుండా కన్నడంలో అడిగింది. "నీకెవరిచ్చినారత్తా?"

ముసలామె తడబడింది. ఏమనుకుందో ఏమో, తనకు తెలియకుండానే కన్నడంలోనే చెప్పింది. "నాకెవరిస్తారే? ఈడ నన్నూ పరాయిదే అన్నారు. మా అత్త పోయినాంక నేనే ఏసుకున్యా."

సుధారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరభద్రప్ప తల్లి వంక, పెళ్లాం వంక మార్చి మార్చి చూశాడు. సుకన్యకు ఒక్కసారి అత్త మీద జాలేసింది. అయినా అడుగు వెనక్కి వెయ్యలేదు. ఆమెను భుజం పట్టుకుని నెమ్మదిగా పక్కకు జరిపి, మగ్గం ముందు కూర్చుంది.

"అన్నాళ్లు కాసుకునే ఓపిక నాకు లేదత్తా," అంది వేళ్లకు బూడిద రాసుకుంటూ. "నువ్వు సల్లగా నూరేండ్లు బతకాల. నేను మాత్రం ఇప్పుడే ఏస్తాండాను."